అత్తయ్యగారి ఫ్లాస్కు

“తాగాక ఎక్కడ పెట్టారని అడుగుతున్నాను. ఫ్లాస్కుకి కాళ్ళొచ్చి రైలు దిగిపోదు కదా!”

అత్తయ్య ఈ మాట అనడం పొద్దుటినుంచి మూడోసారి. మా తోటికోడలు గోడవైపు తిరిగి బట్టలు మడతపెడుతోంది. మడత పెట్టిందే విప్పి మళ్ళీ పెడుతోంది.

“నేను తాగలేదత్తయ్యా. నా చేతికి మీరివ్వనే లేదు. బయల్దేరేటప్పుడు మీ అబ్బాయి చేతికిచ్చారు.”

“వాడికిస్తే ఏం, నీకిస్తే ఏం? మొగుడి చేతిలో వస్తువు మీద పెళ్ళానికి ఒక కన్నుండాలి.”

“ఉన్న రెండు కళ్ళూ సామాను మీదే పెట్టాను. మూడో కన్ను నాకివ్వలేదు దేవుడు.”

“రైల్లోనే మరిచిపోయాంలే అమ్మా,” అన్నాడు మరిది, సోఫా మూలనుంచి. గొంతు బొంగురుపోయి మాట సగమే బయటికొచ్చింది. “తాగాం. మరిచిపోయాం. వదిలెయ్యి.”

“ఎప్పుడు తాగాం?” తోటికోడలు ఇటు తిరిగింది. “రైల్లో అమ్మేవాడి దగ్గర టీ కొనుక్కున్నాం. సగం నా చీర మీదే ఒలికింది. ఇంకా ఆ మరక పోలేదు.”

మరిది భార్యవైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. నేను టిఫిన్ ప్లేటు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ చూపు చూశాను. ఇంట్లో ఉన్నప్పుడు నేను ఇన్‌స్పెక్టర్ని కాను, పెద్ద కోడల్ని. కానీ కళ్ళు యూనిఫాంతో పాటు విప్పి తగిలించేవి కావు కదా.

ఆ ఫ్లాస్కు అత్తయ్య ప్రాణం. పాతకాలపు స్టీలుది. మా ఆయన చిన్నప్పుడు దాన్ని మేడమెట్ల మీదనుంచి దొర్లించి చూశారట, అడుగున బొటనవేలు పట్టేంత సొట్ట. మూత నొక్కి తిప్పితే గాని రాదు. “వెయ్యి ఫ్లాస్కుల్లో పెట్టినా కళ్ళు మూసుకుని తీస్తాను,” అంటూ ఉంటారావిడ.

మామూలు రోజైతే ఈ పాటికి అత్తయ్య పక్కింటికి వెళ్ళి ఈ గోడు అక్కడ వెళ్ళబోసుకునేవారు. ఇవాళ ఎవరూ గడప దాటకూడదు. రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టరు హుకుం. గేటు దగ్గర అతని కానిస్టేబులు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పోలీసు కోడలున్న ఇంటికి పోలీసు కాపలా! మా ఆయన కిటికీలోంచి వాడిని చూసి, లోపలికొచ్చి, మళ్ళీ వెళ్ళి చూస్తున్నారు. కిటికీ తలుపులు వేస్తే ఉక్క, తీస్తే వీధంతా మా ఇంట్లోకే చూపు.

జరిగింది ఇదీ. మా మరిది డబ్బింగ్ కళాకారుడు. ఏ గొంతైనా పలుకుతాడని స్టూడియోలో ‘చిలక’ అంటారు. దక్షిణాన ఒక పెద్ద కంపెనీ అతని గొంతు కోసమే ఒప్పందానికి పిలిచింది. శనివారం మధ్యాహ్నం సంతకాలు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని స్టూడియో వాళ్ళంతా కలిసి రైలు ప్రయాణం పెట్టుకున్నారు. మా తోటికోడల్నీ రమ్మన్నారు. ఏర్పాట్లన్నీ చేసింది అక్కడి సౌండ్ ఇంజనీరు. మా తోటికోడలికి బడినాటి స్నేహితురాలు. ఎవరు దిండ్లు తేవాలి, ఎవరు పేకముక్కలు తేవాలి, గురకపెట్టేవాళ్ళు ఏ బోగీలో పడుకోవాలి అన్నీ ఆమే నిర్ణయించింది. అందుకే ఆమెకు ‘హెడ్మాస్టరు’ అని పేరు. చిలకకు మాత్రం “నీ గొంతుకు వేడినీళ్ళు నువ్వే తెచ్చుకో,” అని చెప్పిందట.

టిక్కెట్లు ఒకే బోగీలో దొరకలేదు. సగంమంది ముందు బోగీలో, సగంమంది వెనక బోగీలో. శుక్రవారం సాయంత్రం రైలు కదలగానే హెడ్మాస్టరు ఫోన్నుంచి అందరికీ ఒకే సందేశం వచ్చింది: ‘ఎక్కేశాను. అందరూ ఎక్కారా? పొద్దున కలుద్దాం.’ ముందువాళ్ళు వెనక ఉందనుకున్నారు, వెనకవాళ్ళు ముందుందనుకున్నారు. అందరినీ లెక్కపెట్టే మనిషిని లెక్కపెట్టేవాళ్ళు లేకపోయారు.

పొద్దున దిగితే ఆమె లేదు. రైల్లోంచి జారిపడిందేమోనని పట్టాల వెంట వెతికారు. సంతకాల మాట ఎవరికీ గుర్తులేదు. ఆమె ఫోను మా తోటికోడలి సంచి పక్కజేబులో దొరికింది. స్టూడియో యజమాని మొదటి రైలు పట్టుకుని వెనక్కి వచ్చి, ఆదివారం పొద్దున స్టూడియో తాళం తీశాడు. రికార్డింగ్ గది మీద ఎర్ర లైటు వెలుగుతోంది. మనుషులంతా దక్షిణాన ఉంటే రికార్డింగు ఎవరిదని గడియ లాగాడు. హెడ్మాస్టరు నేలమీద పడి ఉంది.

ప్రాణం ఉంది. తెలివి లేదు. ఆస్పత్రిలో గొట్టాల మధ్య పడుకోబెట్టారు.

“నాలుగింటికి మీ తోటికోడల్ని తీసుకెళ్తాను,” అని రైల్వే ఇన్‌స్పెక్టరు ఇవాళ, సోమవారం, పొద్దున్నే ఫోన్‌లో చెప్పాడు. “బెర్తులు పంచేటప్పుడే ఇద్దరికీ గొడవైందిట. ఫోను ఆమె సంచిలో ఉంది. ఇంకేం కావాలి మేడం?”

“స్టూడియో నా హద్దులో ఉంది. చోటు ఒకసారి చూస్తాను.”

“చూడండి. నేనూ ఉంటాను. మీరు చూసేది మీ ఇంటి మనిషి కేసు.”

తోటికోడలు గుమ్మం దాకా వచ్చింది. “అక్కా, కింద బెర్తు ఇవ్వలేదని నేను అలిగిన మాట నిజమే. ఒక్క పూట అలిగాను. బెర్తు కోసం మనిషిని చంపుతారా ఎవరైనా?”

“రైలాయన ఎప్పుడూ కింద బెర్తే పడుకుంటాడేమో. ఆయనకు తెలీదు,” అన్నాను. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

*

రికార్డింగ్ గది తలుపు పరుపంత మందం. దానంతట అది మూసుకుని ఉండదని బయట గడియ పెట్టించారు. గడియకు జానెడు పైన ఎర్ర లైటు స్విచ్చి. పక్కన బల్లమీద చిన్న బుట్ట. లోపలికి వెళ్ళేవాళ్ళు ఫోన్లు అందులో వేసి వెళ్ళాలి, లేకపోతే మైకులో గరగర వస్తుంది.

“ఫోను ఇక్కడ్నుంచి తీశారన్నమాట. లాకు లేదా దానికి?”

“లేదండీ,” అన్నాడు యజమాని. మనిషి రెండు రోజుల్లో పదేళ్ళు పెరిగినట్టున్నాడు. “పాటలు పెట్టుకోడానికి అందరం ఆమె ఫోనే తీసుకునేవాళ్ళం.”

లోపలికి వెళ్ళాను. అడుగు వెయ్యగానే చెవులు దిబ్బడేసినట్టయింది. నా ఊపిరి నాకే వినపడుతోంది, అంతకు మించి ఏమీ లేదు. గోడల స్పంజి తలుపు పక్కన గోళ్ళతో పీకి ఉంది, పసుపుపచ్చని ముక్కలు నేలంతా. మైకు స్టాండు పడిపోయి ఉంది. దాంతో తలుపు బాదినట్టుంది, మందపాటి బట్టమీద సన్నని గాట్లు. ఎంత బాదినా బయటికి ఈగ వాలినంత చప్పుడైనా వచ్చి ఉండదు.

“మేడం, గది మూల ఇది దొరికింది. ఆమెదే అయుంటుంది,” రైల్వే ఇన్‌స్పెక్టరు ఒక సంచి పైకెత్తి చూపించాడు. “తాగి తాగి ఖాళీ చేసింది. ఇదే లేకపోతే ఆదివారం దాకా నిలిచేది కాదన్నాడు డాక్టరు.”

సంచిలో స్టీలు ఫ్లాస్కు. అడుగున సొట్ట.

అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“ఏమిటి, అలా చూస్తున్నారు?”

“ఊడ్చే ఆవిణ్ణి పిలవండి,” అన్నాను.

ఆవిడ గోడకు అంటుకుపోయి నిలబడింది. శుక్రవారం అందరూ వెళ్ళాక ఒకసారి, శనివారం పొద్దున ఒకసారి వచ్చి ఊడ్చిందట.

“ఈ గది ఊడవలేదా?”

“ఎర్ర లైటుందమ్మా.”

“అందరూ ఊరెళ్ళారని తెలుసుగా?”

“ఎవరో ఒకరు మిగిలారనుకున్నా. నా ముందున్నామె ఒకసారి లైటుండగా తలుపు తీసింది. ఆ రోజే ఉద్యోగం పోయింది. ఆనాటి నుంచి లైటుంటే నేను ఇటు చీపురు చప్పుడు కూడా చెయ్యను. మునివేళ్ళ మీద పోతాను.” ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. “ఈ గోడవతల ఆ తల్లి అరుస్తుంటే మునివేళ్ళ మీద పోయానమ్మా నేను!”

“చూశారా?” అన్నాడు రైల్వే ఇన్‌స్పెక్టరు. “గడియ పెట్టి ఊరుకోలేదు. ఎవరూ తలుపు తియ్యకుండా లైటు కూడా వేసింది మీ తోటికోడలు. ఎంత తెలివి!”

“మీరొకసారి ఈ తలుపు మూసి గడియ పెట్టండి.”

“నేనా?”

“గడియ పెట్టడమూ కేసు రాయడమూ ఒకటే మీకు, చెయ్యి తిరిగింది. పెట్టండి.”

చిరాగ్గా మూశాడు. గడియ పెట్టి చేతులు దులుపుకున్నాడు. తలుపు తీయించి, ఊడ్చే ఆవిణ్ణి మూయమన్నాను. ఆవిడా గడియ పెట్టి పక్కకు జరిగింది. తర్వాత యజమానిని పిలిచాను. ఆయన కళ్ళు ఎక్కడో ఉన్నాయి. తలుపు తోశాడు, గడియ పెట్టాడు, అదే ఊపులో చెయ్యి పైకి వెళ్ళింది. టక్. ఎర్ర లైటు వెలిగింది.

“అదెందుకు వేశారు?”

“ఏది?” ఆయన పైకి చూసి తన చేతివైపు చూసుకున్నాడు. “అయ్యో! అలవాటండీ. తలుపు మూస్తే లైటు. మా వాళ్ళెవరైనా అంతే.”

నేను రైల్వే ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. “మా తోటికోడలు ఈ స్టూడియోలో ఎప్పుడూ పని చెయ్యలేదు. ఈ లైటు సంగతే ఆమెకు తెలీదు. ఇది తెలివితో చేసిన పని కాదు. చెయ్యి దానంతటది చేసిన పని.”

“ఇది గారడీ మేడం, సాక్ష్యం కాదు. కోర్టులో లైట్లు వేసి చూపిస్తారా?” అన్నాడు గాని, ఫోన్ మోగితే తీసుకుని బయటికి నడుస్తూ ఆ స్విచ్చివైపు రెండుసార్లు చూశాడు.

యజమానితో గొంతు తగ్గించి అడిగాను. “శుక్రవారం ఇక్కడ్నుంచి స్టేషనుకి ఎలా వెళ్ళారు?”

“అందరం నా వ్యానులోనే. హెడ్మాస్టరు మైకులు విప్పి పెట్టి టాక్సీలో వస్తానంది. చిలక పొద్దున వచ్చి మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు, ఇంటినుంచి వస్తానని.”

“మధ్యాహ్నం ఏమైనా మాటలు జరిగాయా?”

“హెడ్మాస్టరు నాతో ఒకమాట చెప్పింది. ‘సంతకాలు పెట్టేముందు అక్కడివాళ్ళతో నేను మాట్లాడాలి. మన గొంతుల్లో ఒకటి పని చెయ్యట్లేదు. పాత రికార్డింగుల్లోంచి ముక్కలు తెచ్చి అతుకులు వేసి వేసి విసుగొచ్చింది. వాళ్ళను మోసం చెయ్యలేను,’ అంది. ఎవరి గొంతో చెప్పలేదు.”

“అప్పుడు దగ్గర్లో ఎవరున్నారు?”

“చిలక చెప్పులు వేసుకుంటున్నాడు.”

అంతే. ఇక ఆ గదిలో నేను చూడాల్సింది లేదు. శుక్రవారం సాయంత్రం మా మరిది భార్యను సామానుతో టాక్సీ ఎక్కించి, గొంతుకు మాత్రలు కొనుక్కొస్తానని వెనక ఉండిపోయాడు. రైలు కదలబోతుంటే పరుగున వచ్చి ఎక్కాడని తోటికోడలే చెప్పింది. వచ్చేటప్పుడు చేతిలో ఫ్లాస్కు లేదు.

పెళ్ళై నేనా ఇంట్లో అడుగుపెట్టేనాటికి అతను నిక్కర్ల కుర్రాడు. నా గొంతు అనుకరించి నా చేతే చీవాట్లు తిన్నాడు. కుడిచేతికి దెబ్బ తగిలినా ఎడమచేతికి తగిలినా నొప్పి ఒంటికే. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే తోటికోడలు జైలుకి. నోరు విప్పితే మరిది. ఇంత మందపాటి తలుపుకు ఇవతల నిలబడ్డా, నన్నే లోపల పెట్టి మూసేసినట్టుంది నాకు.

రైల్వే ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చాడు. “సరే, నాలుగింటికి కలుద్దాం.”

“ఆ ఫ్లాస్కు ఎవరిదో చెప్పగల మనిషి మా ఇంట్లో ఉన్నారు,” అన్నాను. “ఒంటి గంటకు పట్టుకురండి. నేను చెబితే చెల్లదు. ఆవిడ చెప్పాలి.”

అతను మొదటిసారి నన్ను నిదానంగా చూశాడు. “ఆవిడ కాదంటే?”

“కాదంటే మీ చేతిలో ఫోను, నా చేతిలో గారడీ. అంతే.”

*

మరిది పెరటి మెట్ల మీద ఉన్నాడు. ఎండలో కూడా మెడకు మఫ్లరు. పక్కన కూర్చున్నాను. వెనక వంటింటి కిటికీలోంచి పొయ్యిమీద ఎసరు మరుగుతున్న చప్పుడు.

“ఫ్లాస్కు దొరికింది,” అన్నాను.

అతను తల ఎత్తలేదు.

“ఎక్కడ దొరికిందో అడగవేం?”

“...వదినా.”

“మీ ఆవిణ్ణి నాలుగింటికి తీసుకెళ్తారట. హెడ్మాస్టరు ఫోన్నుంచి సందేశం పంపి, ఆ ఫోను ఆమె సంచిలో పెట్టింది నువ్వేనా?”

“దాని సంచని పెట్టలేదు. చేతికందింది పెట్టేశాను. ఇద్దరిదీ ఒకటే సంచి కదా.” మాటలు ఎండుటాకుల్లా రాలుతున్నాయి. “రైలు వెళ్ళేదాకానే అనుకున్నా వదినా. ఒక్క రైలు. ఊడ్చే ఆమె పావుగంటలో వస్తుంది, తలుపు తీస్తుంది, హెడ్మాస్టరు నన్ను తిట్టుకుంటూ ఇంటికి పోతుంది. తర్వాతి రైలు అందుకునే సరికి సంతకాలైపోతాయి. నీళ్ళు కూడా పెట్టాను. ఆమె అటు తిరిగి వైర్లు చుడుతోంది. గుమ్మంలోపల ఫ్లాస్కు పెట్టి తలుపు మూసి గడియ పెట్టాను. నన్ను చూడలేదు.”

“మరి లైటు?”

“నేను వెయ్యలేదు!” అని, ఆగిపోయాడు. కుడిచెయ్యి ముందుకు చాచి ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. “వెయ్యలేదనే అనుకున్నా. యజమాని ఫోన్ చేసి లైటు వెలుగుతోందని చెప్పేదాకా నాకు తెలీదు. నా చెయ్యి వదినా. నేను కాదు, నా చెయ్యి.”

“శుక్రవారం చెయ్యి. ఒప్పుకుంటాను. శనివారం పొద్దున ఆమె కోసం అంతమంది పట్టాల వెంట పడి వెతుకుతున్నారే, అప్పుడు నోరెవరిది?”

మెడకున్న మఫ్లరు అంచు పీకుతున్నాడు.

“కోపంతో ఇంట్లో కూర్చుందేమో అనుకున్నా. మధ్యాహ్నానికి అనుమానమొచ్చింది. చెబుదామని రెండుసార్లు లేచాను. నోరు పెగల్లేదు.”

“గొంతు పోయిందా?”

“గొంతు పోయి ఆరు నెలలైంది. అది ధైర్యం.” మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. “గొంతు లేకపోతే నేనెవర్ని వదినా? అన్నయ్యకు ఉద్యోగముంది. నీకు టోపీ ఉంది. నేను చిలకని. పలకని చిలకని ఎవరుంచుకుంటారు?”

అతని తల నిమరాలని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి కొంగులో చుట్టుకున్నాను. ఆస్పత్రిలో ఉన్న మనిషి వేళ్ళకు పది కట్లున్నాయి.

వంటింట్లో ఎసరు పొంగింది. పొయ్యిమీద పడి చుయ్యిమంటోంది. మా అత్తయ్య పొయ్యి దగ్గరుండగా ఎసరు పొంగడం నేనా ఇంట్లో ఎన్నడూ ఎరగను. చాలాసేపు పొంగింది. ఎవరూ దించలేదు.

*

ఒంటి గంటకు రైల్వే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భోజనాల బల్లమీద కంచాలు పెట్టి ఉన్నాయి. వాటి మధ్య సంచిలోంచి ఫ్లాస్కు తీసి నిలబెట్టాడు.

“అయ్యో, అదిగో అత్తయ్యా మీ...” అనబోయి తోటికోడలు నా మొహం చూసి ఆగిపోయింది. మా ఆయన కిటికీ దగ్గర్నుంచి ఇటు వచ్చారు. మరిది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

“చూడండమ్మా. ఇది మీ ఇంటిదేనా?”

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, తడిచేతులు తువ్వాలుతో మెల్లగా తుడుచుకున్నారు. పొద్దుటినుంచి ఇల్లు పీకి పందిరేసిన మనిషి ఇప్పుడు దాన్ని చూడనే చూడరు. నా మొహంలోకి చూశారు. నేను చూపు దించుకోలేదు, తలా ఊపలేదు. నేనిచ్చేది ఏదైనా ఆవిడ సాక్ష్యం కాదు, నాదౌతుంది.

“ఇలాంటివి బజార్లో బోలెడు ఉంటాయి కదమ్మా,” అన్నారు మా ఆయన, ఎటూ తోచక. ఆ మాట ఆయన ఎందుకన్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

అత్తయ్య ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నారు. బోర్లించి, అడుగున బొటనవేలు పెట్టారు. సరిగ్గా పట్టింది. తర్వాత మూత నొక్కి తిప్పి లోపలికి చూశారు.

“అంతా తాగేసిందా ఆ పిల్ల?”

“చుక్క మిగల్చలేదమ్మా. అదే కాపాడింది.”

ఆవిడ చిన్నకొడుకు వైపు చూశారు. ఆ చూపు పొడుగు ఎంతో నేను చెప్పలేను. తర్వాత చిన్నకోడలి వైపు చూశారు, ఆమె చీర కుచ్చిళ్ళ మీద ఉతికినా పోని టీ మరక వైపు.

“నాదే,” అన్నారు. “శుక్రవారం వేడినీళ్ళు పోసి నా చిన్నకొడుకు చేతికిచ్చాను. కోడలి చేతికివ్వలేదు. పొద్దుటినుంచి దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను.”

“అమ్మా...” అన్నాడు మరిది. ఆ ఒక్కమాటా అతని సొంత గొంతుతో, బొంగురుగా, ఎవరి అనుకరణా లేకుండా వచ్చింది. తోటికోడలు కుర్చీ వెనక పట్టుకుంది. అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టింది. అర్థమయ్యాక భర్తను చూడలేదు, నేలను చూసింది.

రైల్వే ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “అతను భోజనం చేశాక వెళ్దాం మేడం,” అని నాతో మెల్లగా చెప్పి వరండాలోకి నడిచాడు. ఈ కేసులో అతనన్న మాటల్లో నేను కాదనలేనిది అదొక్కటే.

అత్తయ్య మూత బిగించి ఫ్లాస్కు బల్లమీద పెట్టారు. ఒక్కొక్క కంచంలో అన్నం వడ్డించారు. చిన్నకొడుకు కంచంలో అందరికంటే ఎక్కువ పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా, రేపటి కూర గురించి చెబుతున్నట్టు అందరికీ చెప్పారు.

“స్టేషనుకి వాడితో నేను వెళ్తాను. చిన్నదాన్ని ఆస్పత్రికి పంపించండి, ఆ పిల్ల కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తెలిసిన మొహం ఉండాలి. పెద్దమ్మాయ్, రాత్రికి బియ్యం ఒక మనిషివి తగ్గించి పెట్టు.”